త్రినాథరావు గారి క్యాంపింగు

దసరా సెలవులిచ్చిన సోమవారం పొద్దున, కాఫీ గ్లాసు కింద పెడుతూ త్రినాథరావు తన పథకం ప్రకటించాడు. కంది ఊరు దాటాక చెరువు గట్టున గుడారం వేసుకుని, కుటుంబమంతా నాలుగు రోజులు హాయిగా గడపాలి. గోదావరి జిల్లా నుంచి వచ్చి, పటాన్‌చెరు పక్కన ప్రభుత్వ కర్మాగారంలో చేరి, అక్కడే రిటైరైన మనిషి ఆయన. సర్వీసులో ఉన్నన్నాళ్లూ షిఫ్టులే తప్ప ఋతువులు తెలియవు. ఎవరో ముసలి దంపతులు కొండల్లో గుడారం ముందు టీ కాచుకుంటున్న వీడియో ఫోన్లో చూసిన దగ్గర్నుంచీ ఆయనకు శరదృతువు పట్టుకుంది.

అమీన్‌పూర్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాడు. "మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది నాన్నా. ఇప్పుడు లీవు అడిగితే మా మేనేజరు నవ్వుతాడు," అన్నాడు వెంకట సాయి. కోడలు కృష్ణప్రియది వేరే కంపెనీ, అదే జవాబు. మనవరాలు అలేఖ్య సెలవుల్ని డాన్స్ క్లాసూ లెక్కల క్లాసూ చెరిసగం పంచేసుకున్నాయి.

"ముందు వీళ్లు రిలీజవ్వాలి," అని గొణుక్కుంటూనే పద్మావతి పులిహోర కలిపి డబ్బాలో సర్దింది. ఇద్దరే బయల్దేరారు.

వానలకు చెరువు దారి బురదై, కారు ఇక ముందుకు కదలనంది. దిగి చూస్తే రోడ్డు పక్కన పొడి నేల ఒక్కటే కనిపించింది. ఎదురుగా ఏదో రసాయనాల ఫ్యాక్టరీ గేటు. సరే, ప్రకృతి ఎక్కడైనా ప్రకృతే అనుకుని త్రినాథరావు ఆన్‌లైన్లో తెప్పించిన గుడారం విప్పాడు. అది చిన్నపిల్లలు ఆడుకునేది. గులాబీ రంగు, మీద ఏనుగుల బొమ్మలు. తల దూరిస్తే భుజాలు బయటే ఉండిపోయాయి.

"ఏమండీ, అలా ఇరుక్కుపోతే నేను లాగలేను. ఇంటికి పోదాం పదండి," అంది పద్మావతి.

ఓడిపోయి వెనక్కి వెళ్లడం ఆయనకు నచ్చలేదు. కరెంటు స్తంభం మీద రాసి ఉన్న టెంట్‌హౌస్ నంబరుకి ఫోన్ చేశాడు. పక్క ఊళ్లోంచి యాదన్న ట్రాలీ ఆటోలో సామానేసుకుని దిగాడు. మనుషుల్ని చూశాడు, ఫ్యాక్టరీ గేటు చూశాడు, తల పంకించాడు.

"ఎన్ని దినాలు కూసుంటరు సారూ?"

"మూడు నాలుగు రోజులు. నాకు నడుం నొప్పి, కింద మెత్తగా ఉండాలి."

"సమజైంది. మీరేం పరేషాన్ కాకుండ్రి."

కాసేపటికి అక్కడ షామియానా లేచింది. కింద తెల్ల పరుపు, రెండు బాలీసులు, ముందు వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు. "మైకు గూడ పెట్టిన. మీ అసొంటోళ్లకు ఫ్రీ," అన్నాడు యాదన్న. పాటలు పెట్టుకోవచ్చు కదా అని త్రినాథరావు సంతోషించాడు.

పద్మావతి పులిహోర డబ్బా మూత తీయబోతుండగా అంజన్న వచ్చాడు. కిందటి ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడి ఓడినప్పట్నుంచీ ఎక్కడ షామియానా కనిపించినా ఆగే మనిషి. వెంట పదిమంది. వస్తూనే త్రినాథరావు మెడలో బంతిపూల దండ వేశాడు.

"ఈ ఫ్యాక్టరీ వాసన తోని సచ్చిపోతున్నం సారూ. మాకు చాతగాలే, మీరు కూసున్నరు!"

"అబ్బే, మేం క్యాంపుకి వచ్చామండీ..."

"దీక్షా క్యాంపే గద సార్! మీ ఎనక మేమున్నం."

త్రినాథరావు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ దండ బరువుగా, చల్లగా ఉంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన మెడకు దండ పడింది లేదు. రిటైరైన రోజున కూడా నలుగురికి కలిపి ఒకటే తెచ్చి, ఫోటోకి ఒకరి తర్వాత ఒకరికి వేసి తీశారు. ఆయన నోరు మూసుకుని బాలీసుకి ఆనుకున్నాడు. పద్మావతి డబ్బా మూత పెట్టేసి కొంగు కప్పింది.

జనం పెరిగారు. మధ్యాహ్నం దాటింది. పులిహోర వాసన కొంగులోంచి తేలి వస్తోంది. అంజన్న మైకు అందుకుని, "ఈ వయసుల ఆమరణ దీక్షకు కూసున్న పెద్దసారుకు లాల్ సలాం!" అన్నాడు. ఆమరణం అన్న మాట వినగానే పెద్దసారు బాలీసు మీంచి జారాడు.

పద్మావతికి ఆకలేస్తే మొహమాటం ఉండదు. లేచి మైకు లాక్కుంది.

"చూడండి బాబూ, మాకు ఫ్యాక్టరీతో పని లేదు. మా అబ్బాయి వెంకట సాయి రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి మా దగ్గర కూర్చోవాలి. మా గొడవ అంతే!"

అయిపోయింది, తంతారనుకున్నాడు త్రినాథరావు. అప్పుడు ముందు కుర్చీలోంచి రాజవ్వ అనే ముసలావిడ లేచింది.

"తల్లి నిజం జెప్పింది. మా పోరడు నాతోని ఒక్కింట్లనే ఉంటడు. వాడు మాట్లాడంగ ఇని నెలైంది. ఎప్పుడు జూసినా ఫోనే!"

కుర్చీల్లోని ముసలివాళ్లందరూ ఒక్కసారిగా కదిలారు. జనం ఎటుంటే అటే అంజన్న. "రావాలె, రావాలె!" అన్నాడు గొంతు సవరించుకుని.

"ఎంకట సాయి రావాలె!" జనం అందుకున్నారు.

తమ మీద కాదని తెలిసి ఫ్యాక్టరీ వాళ్ల ప్రాణం లేచొచ్చింది. గేటు తీసి జనానికి మజ్జిగ పంచారు. దీక్షకు ఇంత మనస్ఫూర్తిగా మద్దతిచ్చిన యాజమాన్యం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. వాళ్ల సెక్యూరిటీ గార్డు తీసిన వీడియో వెంకట సాయి మేనేజరు దాకా పోయింది. ఆయన నవ్వలేదు. "నువ్వు వెంటనే వెళ్లు. లేకపోతే జనం మన కంపెనీని అంటారు," అన్నాడు.

పొద్దు వాలకముందే కొడుకూ కోడలూ మనవరాలూ కారు దిగారు. జనం చప్పట్ల మధ్య అలేఖ్య తాతయ్యకు నిమ్మరసం ఇచ్చింది. వెంకట సాయి పరుపు మీద తండ్రి పక్కన కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"అన్నం మానేసేంత కోపం వచ్చిందా నాన్నా, నా మీద?"

"ఒరేయ్, అసలేమైందంటే..." అనబోయాడు త్రినాథరావు. పద్మావతి వెనక నుంచి గట్టిగా గిల్లింది. ఆయన కొడుకు వీపు నిమిరాడు. చుట్టుపక్కల వాళ్లు వెళ్లాక ఐదుగురూ కలిసి పులిహోర డబ్బా ఖాళీ చేశారు.

మర్నాటికి వెంకట సాయికి ఆ ఫ్యాక్టరీ గాలి కూడా నచ్చింది. ఆ మర్నాటికి కృష్ణప్రియ వాళ్ల అమ్మానాన్నలు కూడా దిగారు. అలేఖ్య ఏనుగుల గుడారంలోంచి బయటికి రానంది. పరుపు మీద త్రినాథరావుకు చోటు లేదు, పద్మావతికి ఇంటి నుంచి తెచ్చిన స్టవ్ దగ్గర్నుంచి లేచే తీరిక లేదు. నాలుగో రోజు పొద్దున ఆయన చాటుగా ఫోన్ చేశాడు.

"యాదన్నా, వచ్చి షామియానా విప్పేయవయ్యా. నీకు పుణ్యముంటుంది."

"మిమ్ముల ఇంటికి పంపుత గని, షామియానా ఎట్ల విప్పాలె సారూ? పెద్దమనుషులు దీక్షకు లైన్ గట్టిండ్రు. రేపు అంజన్న వాళ్ల నాయిన కూసుంటడట."

అన్నట్టే మర్నాడు ఆ పెద్దాయన తెల్ల పరుపెక్కాడు. కొడుకు రోజుకొక పూటైనా ఇంట్లో తినాలన్నది ఆయన డిమాండు. అంజన్నతో చర్చలు ఇంకా కొలిక్కి రాలేదు.