యాక్సిల్ వంచిందెవరు?

ఆదివారం ఉదయం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, భార్యను జీపులో ఎక్కించుకుని కొండ మీది మట్టిదారిలో షికారుకు వెళ్ళాలన్నది ఆయన పథకం. ఆవిడ అడగ్గా అడగ్గా ఎన్నాళ్ళకో కుదిరిన షికారు అది.

ఆయన బీమా కంపెనీలో దర్యాప్తు అధికారి. ప్రమాదాలు నిజంగా జరిగాయా, జరిగినట్టు నటించారా అని తేల్చడం ఆయన పని. సాయంత్రం ఆ పనిని ఆఫీసులోనే వదిలిపెట్టి రావడం మాత్రం ఆయనకు చేతకాలేదు. కూరలో ఉప్పు తగ్గితే ‘ఎందుకు తగ్గింది?’ అని అడగరు, ‘ఎవరు తగ్గించమన్నారు?’ అని అడుగుతారు.

జీపు తుడుస్తుంటే ఎడమ ముందు చక్రం అలిగినట్టు పక్కకి ఒరిగి కనిపించింది. వీధి చివర షెడ్డు నుంచి మెకానిక్కును పిలిపించారు. అతను నేలమీద గోనెసంచి పరుచుకుని జీపు కిందికి దూరి, కాసేపటికి తల బయటపెట్టాడు.

“ముందు యాక్సిల్ వంగిపోయింది సార్. రెండు చక్రాల బరువూ మోసేది అదే. పెద్ద గోతిలో దభీమని దిగితే తప్ప ఇలా వంగదు.”

“నేను గోతిలో దింపలేదే!”

గుమ్మంలో నిలబడ్డ భార్య చిన్నగా దగ్గింది. మెకానిక్ ఆవిడ వైపు చూసి, చటుక్కున తల మళ్ళీ జీపు కిందికి లాక్కున్నాడు. ఆ దగ్గు జలుబు దగ్గు కాదని ఆయనకు అప్పుడే అర్థమైంది.

“జీపు తాళం ఎక్కడుంటుంది?” అన్నారు వంటింట్లోకి వచ్చి.

“మేకుకి.”

“మేకు ఎక్కడుంది?”

“వంటింట్లో. అయితే?”

“అంటే తాళం నీ అధీనంలో ఉన్నట్టే.”

“నాకు డ్రైవింగే రాదు కదండీ!”

“రాదని నువ్వు చెప్పడమేగా. సాక్ష్యం ఏముంది?”

ఆవిడ గరిటె గట్టుమీద పెట్టి, ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికల్లా ఆవిడ తమ్ముడు ఊడిపడ్డాడు.

“బావగారూ, జీపు షెడ్డులో పెట్టించి నేను చూసుకుంటా. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి.”

తన చెప్పులు తెగితేనే కుట్టించుకోని బావమరిదికి ఇంత శ్రద్ధ ఎక్కడినుంచి వచ్చింది? ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడంటే, గుమ్మడికాయల దొంగ వీడే. వంచింది తమ్ముడు, కాపుకాస్తోంది అక్క, వాటా మెకానిక్కుది. “అలాగే నాయనా” అని ఆయన దుప్పటి ముసుగేసుకుని పడుకున్నారు. మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళు ‘కూరగాయలకి’ బయల్దేరగానే దుప్పటి తన్నేసి, సందులోంచి అడ్డదారిన షెడ్డుకు పరిగెత్తారు.

షెడ్డులో ఎవరూ లేరు. జీపు ముందుభాగం జాకీల మీద లేచి ఉంది. చక్రాలు ఊడదీసి గోడకి ఆనించారు. కొత్త యాక్సిల్ బిగించేశారు, పాతది సరిగ్గా దాని కిందే నేలమీద పడి ఉంది. అడుగుల చప్పుడు వినబడేసరికి ఆయన జీపు వెనకభాగంలోకి ఎక్కి టార్పాలిన్ కప్పుకున్నారు.

“ఆయనకి అనుమానం రాకముందే అయిపోవాలి,” భార్య గొంతు.

“పాతదాన్ని సాయంత్రానికి మాయం చేసేస్తానమ్మా,” మెకానిక్ గొంతు.

“అది బావగారి కంట పడితే మన పని అంతే,” బావమరిది గొంతు.

సాక్ష్యం మాయం చేస్తున్నారు! ఆయన ఇక ఆగలేకపోయారు. “దొరికారు! ముగ్గురూ దొరికారు!” అంటూ టార్పాలిన్‌తో సహా వెనకనుంచి కిందికి దూకారు.

భార్య కెవ్వుమంది. బావమరిది దెయ్యమనుకుని వీధిలోకి దూకాడు. ఆయన దూకిన కుదుపుకి జీపు ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగి, జాకీల మీంచి జారి, కొత్త యాక్సిల్‌తో పాత యాక్సిల్ మీద ధడేల్మని కూలబడింది.

దుమ్ము అణిగాక మెకానిక్ వంగి చూసి నుదురు కొట్టుకున్నాడు. “ఇదీ వంగింది సార్.”

“అది తర్వాత! ముందు మొదటిది ఎవరు వంచారో చెప్పండి!”

“మీరే!” అంది భార్య. “పోయిన నెల మా పిన్ని వాళ్ళింటి నుంచి వస్తుంటే ఎర్ర కారేదో మనల్ని వెంబడిస్తోందని, మెడ వెనక్కి తిప్పుకుని నడిపి గోతిలో దించలేదూ?”

“అది... చిన్న కుదుపేగా.”

“నా తల పైకప్పుకి తగిలి బొప్పి కట్టింది. ఆ కారులో ఉన్నది మన పక్కింటివాళ్ళు. వాళ్ళిల్లు మనింటి పక్కనే కాబట్టి మన వెనకే వచ్చారు.”

ఆయన భుజంమీది టార్పాలిన్ తీసి పక్కన పెట్టారు. “మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఎందుకు చెప్పలేదంటే,” వీధిలోంచి తొంగిచూస్తూ అన్నాడు బావమరిది, “చెబితే ఆ గొయ్యి ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో తేలేదాకా మా అందర్నీ తిప్పుతారని.”

నిజానికి ఆయన అప్పటికే ఆ గొయ్యి గురించే ఆలోచిస్తున్నారు. కానీ భార్య కళ్ళలో నీళ్ళు చూసి, ఆ మాట మింగేశారు. కొండదారి షికారుకు వెళ్ళాల్సిన మనిషి గ్రీజు మరకల మధ్య నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. “పద,” అన్నారు మెల్లగా. “నడిచే వెళ్దాం కొండమీదికి.”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “ఇందులో ఏం మతలబుంది?” అంది.

ఇంతలో మెకానిక్ చేతులు తుడుచుకుంటూ అడ్డొచ్చాడు. “సార్, ఈ రెండోది ఎలా వంగిందో మరి...”

“దర్యాప్తు అక్కర్లేదు!” అన్నారు ఆయన.

ఆయన ఉద్యోగ జీవితంలో అంత తొందరగా మూసేసిన కేసు మరొకటి లేదు.