తలకో కిలో

ఎయిర్‌పోర్టు అన్నాక రెండు దేశాల్లో ఉండాలి. ఒకే దేశంలో ఉన్నదాన్ని నేను ఎయిర్‌పోర్టు అనను, విమానాల బస్టాండు అంటాను!

స్విట్జర్లాండు అంచునున్న మా బాసెల్ వాళ్ళకు ఆ అదృష్టం పట్టింది. మా ఎయిర్‌పోర్టు నేల ఫ్రాన్సుది, వాడకంలో సగం స్విట్జర్లాండుది. సూట్‌కేసు లాక్కుంటూ బయటికొస్తే రెండు ద్వారాలు. ఎడమకు తిరిగితే స్విట్జర్లాండు, కుడికి తిరిగితే ఫ్రాన్సు. మధ్యలో గాజుగోడ.

ఇదో బాధ అని గొణిగేవాళ్ళున్నారు. అద్దెకారు కుడివైపు తీసుకుని, ఎడమవైపు అప్పగించబోయి, సరిహద్దు చుట్టూ గంటన్నర ప్రదక్షిణాలు చేసినవాళ్ళ మాట మనకెందుకు? మా పక్కింటి దంపతులను అడగండి. పోయిన వేసవిలో చెరో ద్వారంలోంచి బయటపడి, గాజుకు అటొకరు ఇటొకరు ఇరవై నిమిషాలు నిలబడ్డారు. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. పెళ్ళయ్యాక అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేమని ఇద్దరూ విడివిడిగా నాతో చెప్పారు!

ఇక ఇమిగ్రేషన్ అంటారా? దూరదేశాల వాళ్ళు పాస్‌పోర్టు ఒకసారి చూపిస్తే చాలు. ఆ తర్వాత మనిషి ఎడమకు పోయాడా, కుడికి పోయాడా ఎవరికీ పట్టదు. పట్టేదల్లా మాంసం. మనిషికి రోజుకు ఒక కిలో వరకు సుంకం లేకుండా స్విట్జర్లాండులోకి తెచ్చుకోవచ్చు. కిలో దాటితే కట్టాల్సిందే.

ఎంత గొప్ప చట్టమో ఆలోచించండి! మా ఊరి కసాయి కొట్లో ధర వింటే ఆ ఆవు పట్టభద్రురాలేమో అనిపిస్తుంది. అందుకని అందరం సరిహద్దు దాటి ఫ్రాన్సులో కొంటాం. అప్పుడు కావలసింది డబ్బు కాదు, తలకాయలు. నెలల పసిగుడ్డుకూ కిలో హక్కుంది! మా వీధిలో కవలలు పుడితే తల్లిదండ్రులకంటే ముందు ఇరుగుపొరుగు సంబరపడతారు. బాసెల్‌లో ముసలివాళ్ళను పట్టించుకునేవాళ్ళు లేరని ఎవరన్నారు? శనివారం వచ్చిందంటే వాళ్ళను కారెక్కించుకోవడానికి మాలో మాకు పోటీ. మంచం పట్టిన మామగారిని దిండ్ల మధ్య కూర్చోబెట్టి మరీ తిప్పుకొచ్చిన అల్లుళ్ళను నేనెరుగుదును. ఇంతకన్నా గొప్ప కుటుంబ వ్యవస్థ ఇంకేం కావాలి?

పోయిన క్రిస్మస్‌కు మా ఇంట్లో పదిమంది. మా విందంటే బల్ల మధ్య మరుగుతున్న చారు కుండ, చుట్టూ పల్చగా కోసిన గొడ్డుమాంసం, ఎవరి ముక్క వాళ్ళు ముంచుకుని తినడం. మూడు కిలోలైనా కావాలి. నేనూ మా ఆవిడ మార్‌గ్రితూ కలిసి రెండు కిలోలం. పిల్లలు చివరి నిమిషంలో దిగుతారు. మరి మూడో కిలో ఎవరు?

అప్పుడు గుర్తొచ్చింది హెడీ పిన్ని! మా అమ్మ చెల్లెలు. బాబాయి పోయాక స్పెయిన్‌లో అలికాంటే చేరి అక్కడే ఉండిపోయింది. పదకొండేళ్ళలో ఏటా కార్డు పంపడం మేమెన్నడూ మానలేదు. రమ్మని పిలవడం ఒక్కటే కుదరలేదు. ఈసారి పిలిచాను. ఎనభై నిండబోతున్న మనిషి, ఫోన్లోనే ఏడ్చినంత పని చేసింది.

"పిన్నీ, కుడి ద్వారంలోంచి రావాలి. మర్చిపోవుగా? కుడి ద్వారం!" అని మూడుసార్లు చెప్పాను. పథకం సులువు. ఫ్రాన్సు పల్లెలో మాంసం కొని, ఫ్రాన్సువైపు కారు పెట్టి, పిన్నిని ఎక్కించుకుని సరిహద్దు దాటడం. ముగ్గురు మనుషులు, మూడు కిలోలు. చట్టాన్ని నాకన్నా ఎక్కువ గౌరవించేవాళ్ళు ఎవరున్నారు?

విమానం దిగింది. పిన్ని కనబడింది, గాజుగోడకు అవతల! కొత్త కోటు వేసుకుని, మమ్మల్ని చూసి రెండు చేతులూ ఊపుతోంది. ఫోన్ చేశాను.

"కాళ్ళు వాటంతటవే ఎడమకు తిరిగాయిరా కోబీ, మీ బాబాయి ఉన్నప్పటి అలవాటు," అని నవ్వింది. "బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కి మీ ఇంటికొచ్చేస్తాను. మీరు కార్లో వచ్చెయ్యండి."

కిలో బస్సెక్కి పోతోంది!

"కదలకు పిన్నీ, అక్కడే ఉండు!" అని అరిచి, కారులోంచి మాంసం సంచీ తీసుకుని, మార్‌గ్రిత్‌తో సహా పై అంతస్తుకు పరిగెత్తాను. ఇటునుంచి అటు దాటడానికి ఉన్న దారి అదొక్కటే. అక్కడ కస్టమ్స్ బల్ల, బల్ల వెనక ఒక మర్యాదస్తుడు.

"మాంసం ఎంతుందండీ?"

"మూడు కిలోలు."

"మనుషులు?"

"ముగ్గురం."

ఆయన మా భుజాల మీదుగా వెనక్కి చూశాడు.

"మూడో మనిషి ముందే స్విట్జర్లాండు చేరిపోయింది సార్," అన్నాను.

"ముందే చేరిపోతే ఈ కిలో ఆవిడదెలా అవుతుందండీ?"

"అప్పుడే చెప్పాను, బఠాణీలు పెడదాం, సరిపోతుందని," అని మార్‌గ్రిత్ నా మోచెయ్యి గిల్లింది.

చివరికి ఆయనే జాలిపడ్డాడు. ఆవిడను పిలిపించండి, తనదేనంటే పోనిస్తానన్నాడు. పిన్ని మెట్లెక్కి వచ్చింది. ఆయాసంలోనూ నవ్వుతూనే, బల్లకు అటువైపు నుంచే వంగి నన్ను వాటేసుకుంది.

"అమ్మా, ఈ మూడో కిలో మీదేనా?" అని అడిగాడాయన.

పిన్ని సంచీని చూసింది. మార్‌గ్రిత్‌ను చూసింది. తర్వాత నన్ను చూసింది. పదకొండేళ్ళ కిందటిదాకా బాసెల్‌లో బతికిన మనిషి, ఆమెకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు.

"కుడి ద్వారం, కుడి ద్వారం అని మూడుసార్లు చెప్పావు కదరా," అంది. "నా మోకాళ్ళకు అటువైపు సుఖమేమో, అందుకే చెప్తున్నాడనుకున్నాను."

నేను సంచీ జిప్పు లాగుతూ నిలబడ్డాను. అది అప్పటికే వేసి ఉంది.

పిన్ని కస్టమ్స్ ఆయన వైపు తిరిగింది. "రాసుకో నాయనా. మాంసం రెండు కిలోలు, పిన్ని ఒక కిలో."

ఆయన రాయలేదు. కలం పక్కన పెట్టాడు. మూడో కిలోకు నేను సుంకం కట్టాను. రసీదు కూడా ఇచ్చాడు, చాలా మర్యాదస్తుడు!

పిన్ని విందుకు వచ్చింది. అందరినీ పేరుపేరునా పలకరించింది, పాటలు పాడింది, పిల్లల్ని నవ్వించింది. బంగాళాదుంపలు తింది, చారు తాగింది. మాంసం ముక్క ఒక్కటి కూడా ముట్టలేదు. పళ్ళు సరిగా లేవంది. మూడో రోజున వెళ్ళిపోయింది.

కాబట్టి పాఠకులారా, నా మాట నమ్మండి. రెండు ద్వారాలుండడం వరమే. ఒకే ద్వారం ఉంటే పిన్ని నేరుగా మా కారెక్కేది, నేను ప్రేమగల కొడుకుననే అనుకుంటూ అలికాంటే తిరిగి వెళ్ళేది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మొన్న మార్చిలో ఆమెకు ఫోన్ చేశాను. పండగా లేదు, పబ్బమూ లేదు. "ఊరికే రా పిన్నీ, నాలుగు రోజులుండు. ఏ ద్వారంలోంచి వచ్చినా సరే," అన్నాను.

పిన్ని నెమ్మదిగా అడిగింది.

"ఎన్ని కిలోలు తక్కువయ్యాయిరా?"