నమోదు కాని భుజం

డిజైన్ల రక్షణ కార్యాలయం వారు మా చెల్లెలిని కాపీదారుగా గుర్తించి విచారణకు పిలిచినందువల్ల, ముందురోజు సాయంత్రం ఆమె సంచి నేనే సర్దాను. రెండు జతల బట్టలు, టేపు, కత్తెర, తలనొప్పి మాత్రలు, మళ్ళీ ఇంకో జత బట్టలు, దుప్పటి.

"రెండు రోజులకే అక్కా. కాపురానికి పంపుతున్నట్టు సర్దుతున్నావేంటి?" అంది చెల్లెలు.

"ఎవరికి తెలుసే," అన్నాను. ఎవరు గడప దాటినా నాకు అదే భయం. అందుకే నేనూ వెంట వెళ్ళాను.

చెల్లెలు దర్జీ. నా కుడిభుజం పుట్టుకతోనే రెండు వేళ్ళంత కిందికి ఉంటుంది. మామూలు కోటు నా మీద నిలవక జారిపోతుంటే, మెడకు ఎడమవైపు నుంచి నడుముకు కుడివైపు దాకా బొత్తాలు ఏటవాలుగా వేసి ఒక కోటు కుట్టింది. పదిహేనేళ్ళు అదే వేసుకుని తిరిగాను. ఒకనాడు ఎవరో పెద్దమనిషి దాన్ని తెగ మెచ్చుకుని, తనకూ ఒకటి కుట్టించుకుని పోయాడు. ఆరు నెలలకు ఒక పెద్ద ఫ్యాషన్ కంపెనీ 'వాలు బొత్తాల వరస'ను కనిపెట్టి, చట్టప్రకారం నమోదు చేయించుకుంది. సృజనకు రక్షణ ఉండవలసిందే. పాపం, కనిపెట్టడానికి వాళ్ళు అంత దూరం నుంచి మా షాపు దాకా రావలసి వచ్చింది.

విచారణలో కంపెనీ వకీలు లేచాడు. మా చెల్లెలు చేసింది మామూలు నకలు కాదనీ, అసలు పుట్టడానికి పదిహేనేళ్ళ ముందే చేసిన ముందస్తు నకలనీ, ఇంత దూరదృష్టి గల దొంగతనం పరిశ్రమ చరిత్రలోనే లేదనీ గొంతు వణికేలా ప్రసంగించాడు.

"మా అక్క భుజం వంకర సార్. దానికోసం కుట్టా," అంది చెల్లెలు.

"ఆ భుజాన్ని నమోదు చేయించారా?" అని అధికారి అడిగాడు.

"పుట్టుకతో వచ్చింది సార్."

"పుట్టిన వెంటనే దరఖాస్తు పెట్టాల్సిందమ్మా. గడువు దాటిపోయింది," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

నన్ను నిలబెట్టి భుజం కొలిచారు. అది కంపెనీ డిజైనును పోలి ఉన్నదని రాసుకున్నారు. కోటు జప్తు చేశారు. ఇకపై బయటికి వస్తే శాలువ కప్పుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు.

చెల్లెలికి శిక్ష వేయలేదు. కంపెనీ వారిది పెద్ద మనసు. ఆ వాలు వాళ్ళ దర్జీలెవరికీ కుదరక కోట్లన్నీ పొట్ట దగ్గర ముడుచుకుంటున్నాయట. ఆమెనే ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. ఒప్పుకోకపోతే ఇక ఎక్కడా సూది పట్టకూడదన్నారు. సంతకం పెట్టింది. డిజైను రహస్యం ఆమె తలలో ఉంది గనుక తల కంపెనీ ఆస్తి అనీ, ఆస్తిని ఆవరణ దాటించడానికి తమ దగ్గర ఏ ఫారమూ లేదనీ సంతకం అయ్యాక చెప్పారు.

"నువ్వెళ్ళక్కా. బస్సులో కిటికీ మూసుకో, చలిగాలి పడదు నీకు. వారంలో వచ్చేస్తాలే," అంది.

ఇప్పుడు ఆ కోటు అందరూ వేసుకుంటున్నారు. సరైన భుజాల మీద అది జారిపోతుంది కాబట్టి, ఎడమభుజం మీద పెట్టుకోవడానికి కంపెనీ ఒక చిన్న దిండు కూడా ఇస్తోంది. మీరూ పెట్టుకునే ఉంటారు. మీకు బాగానే ఉంటుంది. నా శాలువ జారితే మాత్రం, ముసలామెకు కంపెనీ భుజం కావలసి వచ్చిందని వీధిలో వాళ్ళు నవ్వుతారు.

మా చెల్లెలు మార్చి పదకొండు, గురువారం పొద్దున ఇల్లు దాటింది. తిరిగి రాలేదు. తొమ్మిదేళ్ళయింది.