తెల్లగుడ్డ బేరం

వయోమింగ్ కొండల్లో ఆ ఉదయం మబ్బు విడలేదు. లెమ్ స్ట్రౌడ్ వేసుకున్న లెక్క మాత్రం తేలికైనదే. రాతిలోంచి తీసిన రాకాసిబల్లి పుర్రెకు గంజిలో తడిపిన గుడ్డ చుట్టాలి, ఆరాక సాయంత్రం రైలుకు అందించాలి. అది చేరితే తూర్పున ఉన్న ప్రొఫెసర్ అతన్ని కొలువులో ఉంచుతాడు. చేరకపోతే ఈ చలికాలం వేరే బతుకు చూసుకోవాలి.

"ఉన్న బియ్యమంతా దీనికే కాచేశాను. మధ్యాహ్నం మనం తినేదేంటో ఇదే చెప్పాలి," అన్నాడు వంటమనిషి ఓటిస్, పుర్రె వంక చూస్తూ.

"దానికి కింది దవడే లేదు. ఏం చెప్తుందిలే."

అంతలో లోయ అవతలి నుంచి ప్రూయిట్ వస్తూ కనిపించాడు. అతను పోటీ ప్రొఫెసర్ మనిషి. ఖాళీ బండిలో నిలబడి, కర్రకు కట్టిన తెల్లగుడ్డ ఊపుతున్నాడు. పక్కన మరో ముగ్గురున్నారు.

"రాజీకొస్తున్నట్టున్నాడయ్యా," అన్నాడు ఓటిస్.

"రాజీకి బండెందుకు? అది ఎముకలకు చుట్టే గుడ్డ. మన సొమ్ము పట్టుకుపోవడానికి గుడ్డ కూడా వెంట తెచ్చుకున్నాడు, సిగ్గులేని మనిషి. గాల్లోకి ఒకటి పేల్చు."

ఓటిస్ పేల్చాడు. గుర్రాలు బెదిరి, బండిని వాలులో ఈడ్చుకుంటూ నేరుగా వీళ్ల మీదికే వచ్చాయి. లెమ్ కంటికి అది దాడి. తాను దక్కించుకోలేనిది ఎదుటివాడికీ దక్కకూడదన్నది ఆ వ్యాపారంలో మొదటి సూత్రం. అతను సుత్తి అందుకున్నాడు.

పుర్రె ముక్కలయ్యాక బండి ఆగింది.

"కళ్లు పోయాయా నీకు?" అన్నాడు ప్రూయిట్ రొప్పుతూ. "తెల్లగుడ్డ మీద తుపాకీ పేలుస్తావా? మా ప్రొఫెసర్ చేతులెత్తేశాడు. నీ పుర్రెకి దవడ మా గుంటలో దొరికింది. అది నీకిచ్చి, నీ దగ్గర పనికి కుదురుదామని వస్తుంటే..."

అప్పుడు అతనికి ముక్కలు కనిపించాయి.

లెమ్ సుత్తి కింద పడేశాడు. "పోనీ దవడైనా ఇవ్వు. అదే పంపుకుంటాను."

ప్రూయిట్ టోపీ తీశాడు. "తుపాకీ మోగితే నేను పోయినట్టే లెక్క, దవడ పగలగొట్టెయ్ అని గుంట దగ్గరున్న మావాడికి చెప్పొచ్చాను."

లోయ అవతల సుత్తి చప్పుడు అప్పుడే ఆగింది.

ప్రూయిట్ మెల్లగా అడిగాడు. "అయితే మీ దగ్గర నాకు పనేమైనా ఉందా?"

"నా కొలువే ఖాళీ అవుతోంది," అన్నాడు లెమ్. "మా ప్రొఫెసర్ని అడిగి చూసుకో."

ప్రూయిట్ అడిగాడు, మొదటి మంచు పడకముందే దొరికింది.