ఇల్మా పేరు మీద తొంభై జవాబులు

గురువారం పొద్దున్న ఆదం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తెరవాలి. కె. కోటపాడు త్రినాధరావుకి మాటిచ్చిన రెండు బూరుగుదూది పరుపులు కుట్టేయాలి. పది గంటలకు కూతురు ఇల్మాని వెంటబెట్టుకుని కెరీర్ కౌన్సెలింగ్ మేడం దగ్గరికి వెళ్ళాలి. పన్నెండింటికల్లా పిల్ల ఏం చదవాలో తేలిపోతే, భోంచేసి ఒక కునుకు తీయాలి.

ఇల్మా ఇంటర్ పాసైంది. లెక్కల్లో పోయింది ఒకే ఒక్క మార్కు. ఆ మార్కు ఎందుకు పోయిందని అడిగితే, "దిద్దినాయన తప్పు" అని మాత్రం చెప్పింది. అంతకుమించి మాట్లాడే రకం కాదు. సెలవుల్లో కొట్లో ఒక మూల దూది మూట మీద కూర్చుని, వచ్చేపోయే మనుషుల్ని చూస్తూ ఉంటుంది. సోమవారంలోగా కాలేజీ సీటుకి ఆప్షన్లు పెట్టాలి. తల్లి సకీనాబీ కంప్యూటర్లంటుంది. ఆదం ఏదైనా ఫరవాలేదంటాడు. ఇల్మా ఏమీ అనదు. అందుకే ఈ మేడం.

కౌన్సెలింగుకి వచ్చేముందు ఫోన్లో ఒక పరీక్ష రాయాలట. దాని లింకు ఆదం ఫోనుకే వచ్చింది. ఆ సమయానికి ఇల్మా టీసీ కోసం కాలేజీకి వెళ్ళింది. లింకు పనిచేస్తోందో లేదో చూద్దామని ఆదం నొక్కాడు. అంతకుమించి ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

'ఏ పని చేస్తుంటే మీకు సమయం తెలియదు?' అని ఉంది మొదటి ప్రశ్న.

ఆదం చేతిలో ఉన్న సూది పక్కన పెట్టాడు. ఈ నలభై ఏడేళ్ళలో జనం ఆయన్ని చాలానే అడిగారు. పరుపు ఎప్పుడిస్తావని అడిగారు, దూది అసలుదేనా అని అడిగారు, తలగడ ఊరికే రాదా అని అడిగారు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు. కాసేపు ఆలోచించి, 'నలుగురితో మాట్లాడుతుంటే' అని రాశాడు. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది. అదీ ఆయన గురించే. మూడోదీ అంతే. ఇంత ఓపిగ్గా తన గురించి అడుగుతున్న ఫోనుని మధ్యలో వదిలి లేవడం మర్యాద కాదనిపించింది. గంటంబావు తర్వాత తొంభయ్యో ప్రశ్నకు జవాబు రాసి, కింద ఆకుపచ్చగా కనిపించిన బటన్ నొక్కాడు.

'ధన్యవాదాలు ఇల్మా. ఈ పరీక్ష ఒక్కసారి మాత్రమే రాయగలరు.'

ఆదం వెనక్కెళ్ళే బటన్ కోసం వెతికాడు. అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"లింకొచ్చిందా నాన్నా?"

"వచ్చింది గానీ, నువ్వు రాయక్కర్లేదంటమ్మా. నీ మెమో నంబరు కొట్టేను. మిగతాది కంప్యూటరే చూసుకుంటాదంట."

ఇల్మా తండ్రి ముఖంలోకి ఓ క్షణం చూసింది. "అలాగా" అంది.

మేడం పేరు బిందుమాధవి. మందుల షాపు మేడ మీద ఏసీ గదిలో కూర్చుని, పన్నెండు పేజీల రిపోర్టు ముందు పెట్టుకుని, ఆదాన్ని చూసి చేతులు జోడించింది.

"మీ అమ్మాయి మామూలు అమ్మాయి కాదు సార్. గొప్ప మాటకారి. వందమంది ముందు నిలబడితే వందమందినీ నవ్వించగలదు, ఏడిపించగలదు. రేడియో, యాంకరింగ్, అలాంటివి చదివించండి. లెక్కల జోలికి పంపకండి. వ్యాపారమైతే అసలు వద్దు. వ్యాపారానికి ఇంత పనికిరాని మనిషిని మా సిస్టం ఇంతవరకు చూడలేదు."

ఆదం దగ్గాడు.

"నేనా మేడం?" అంది ఇల్మా.

"నువ్వేనమ్మా. నీకు తెలీదు, కంప్యూటరుకి తెలుసు." బిందుమాధవి ఆదం వైపు తిరిగింది. "చూశారా, పిల్ల ఎంత అణిగిపోయిందో. ఇంట్లో బాగా నొక్కేసుంటారు. ఆదివారం కల్యాణమండపంలో తల్లిదండ్రుల మీటింగు పెడుతున్నాం. అక్కడ ఇల్మాయే మాట్లాడుతుంది. మా సెంటర్ కనిపెట్టిన గొంతు అని పోస్టరు వేయిస్తాను."

కాదని చెప్పడానికి అదే సరైన సమయమని ఆదానికి తెలుసు. కానీ కూతురి ముందు, ఈ ఉదయం చెప్పిన అబద్ధాన్ని మింగి కొత్తగా నిజం చెప్పాలంటే నోరు పెగల్లేదు. ఇంటికెళ్ళి ముందు భార్యకి చెప్దామనుకున్నాడు.

ఇంట్లో సకీనాబీకి అన్నిటికంటే ఆ 'నొక్కేయడం' అన్న మాటే గుచ్చుకుంది.

"నేనెప్పుడు నొక్కేనండీ పిల్లని?"

"అది కాదు సకీనా. ఆ పరీక్ష రాసింది..."

"మన పిల్లే కదా, నాకు తెల్దేటి? మీ వాగుడంతా దానికొచ్చింది. ఇన్నాళ్ళూ దాచిపెట్టుకుంది, అంతే." అని పిల్ల గొంతుకి మంచిదని మిరియాల పాలు కాచడానికి వెళ్ళిపోయింది. కంప్యూటర్ల మాట ఆ పూటతో మరిచిపోయింది.

సాయంత్రం ఆదం కొట్టు వెనక్కి వెళ్ళి మేడంకి ఫోన్ చేశాడు. "మేడం, ఆ జవాబులు పిల్లవి కాదండి."

"తెలుసు సార్. చాలామంది తండ్రులు మొదట ఇలాగే అంటారు. మా పిల్లలో ఇంత ఉందా అని నమ్మలేరు. మీరు ఆదివారం ముందు వరసలో కూర్చోండి." ఫోను పెట్టేసింది.

శుక్రవారం త్రినాధరావు పరుపుల కోసం వచ్చాడు. పరుపులు ఇంకా సగంలోనే ఉన్నాయి. ఆయన వాటి వైపు చూడనే లేదు.

"ఏటి బావ, మన ఇల్మా గుంట బొమ్మ గోడల మీదుంది. ఇంత మాటకారని ఒక్కనాడూ సెప్పేవు కాదు."

"అది అలా పడిందిలే బావ."

"పడిందేటి, మా నెత్తిన పాలు పోసినట్టయింది. వచ్చేవారం మా మేనల్లుడు మోహిత్ రిసెప్షను. యాంకరని సెప్పి వైజాగు నించి ఎవరినో తెత్తానన్నాడు. మన గుంటుండగా ఎవరో దేనికిరా అన్నాను. కార్డుల మీద పేరు కూడా ఏయించేసినాం."

ఆదం దూది మూట మీద కూలబడ్డాడు. "వేయించేసేరా?"

"ఆరొందల కార్డులు. ఆదివారం ఇనడానికి మావోళ్ళు రెండు టాటా మేజిక్ బళ్ళలో వత్తన్నారు. ముందు వరసలో సోటుంచు."

శనివారం ఇంట్లో ఎక్కడ చూసినా ఇల్మా గొంతే. అద్దం ముందు నిలబడి "అందరికీ నమస్కారం" అంటుంది. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ "అందరికీ నమస్కారం". మళ్ళీ నిశ్శబ్దం. నాలుగు గ్లాసుల మిరియాల పాలు తాగినా నమస్కారం దాటి ఒక్క మాటా రాలేదు. మధ్యాహ్నం కొట్లోకి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, నాకు లెక్కలు నిజంగా రావా?"

ఆదానికి చేతిలోని సూది గుచ్చుకుంది. పదేళ్ళ వయసు నుంచి ఆ పిల్ల నిలబెట్టుకున్న నమ్మకం అదొక్కటే. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అయిదో గ్లాసుతో సకీనాబీ వచ్చింది.

"రేపు చెప్తానమ్మా" అన్నాడు.

"సరే. ఆ రిపోర్టు మొత్తం ఒకసారి ఇవ్వు. చదువుకుంటాను."

ఆదివారం మండపంలో కుర్చీలు చాలలేదు. త్రినాధరావు మనుషులు చెప్పినట్టే ముందు వరస ఆక్రమించారు. బిందుమాధవి పావుగంట పరిచయం చేసి మైకు అందించింది. ఇల్మా రిపోర్టు చేత్తో పట్టుకుని నిలబడింది.

"అందరికీ నమస్కారం" అంది.

ఆ తర్వాత ఎంతసేపు ఏమీ అనలేదంటే, ప్రసంగం అయిపోయిందనుకుని త్రినాధరావు చప్పట్లు మొదలుపెట్టాడు.

"నాకు ఇంతకంటే మాట్లాడటం రాదండి. అందుకని చదువుతాను" అంది ఇల్మా. "ఈ రిపోర్టు చివర్లో జవాబులున్నాయి. మేడం ఇక్కడి దాకా చదివినట్టు లేదు. ముప్పై ఒకటో ప్రశ్న. నిర్ణయం తీసుకునేముందు ఎవర్ని అడుగుతారు? జవాబు, మా ఆవిడని."

వెనక వరసలో ఎవరో నవ్వారు.

"నలభై నాలుగు. మీకేమైనా ఆరోగ్య సమస్యలున్నాయా? మెట్లెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటాయి. యాభై ఎనిమిది. మీకు కోపం తెప్పించేది ఏది? మీసానికి రంగేశావా అని అడిగితే."

మండపం మొత్తం నవ్వింది. సకీనాబీ మెల్లగా తల తిప్పి, పక్కనే ఉన్న మొగుడి మీసం వైపు చూసింది.

"నిన్న కూచుని లెక్క కట్టేను" అంది ఇల్మా. "తొంభై జవాబుల్లో నాకు సరిపోయేవి పదకొండు. మా అమ్మకి ఆరు. మా నాన్నకి తొంభై." బిందుమాధవి కాగితాల కోసం చెయ్యి చాపింది. ఇల్మా ఒక అడుగు పక్కకి జరిగింది. "ఆఖరిదొకటుంది మేడం. చిన్నప్పుడు ఏమవుదామనుకున్నారు? రేడియోలో మాట్లాడదామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇల్మా మైకు కిందికి దించేసింది.

ఆదం లేచాడు. స్టేజీకి నాలుగు మెట్లు. నాలుగూ కలుక్కుమన్నాయి. కూతురి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"నేనేనండి. లింకు పనిచేత్తాదో లేదో అని నొక్కేను" అన్నాడు. "మొదటి ప్రశ్న చదివేక లేవలేకపోయేను."

అలా మొదలెట్టి అరగంట మాట్లాడాడు. పన్నెండేళ్ళప్పుడు తండ్రి చేతికి సూదిచ్చిన సంగతి, పరుపు కొనడానికి వచ్చినవాళ్ళు నడుంనొప్పితో మొదలెట్టి అత్తగారి దాకా చెప్పుకునే సంగతి, ఈ మూడు రోజులూ నిజం గొంతు దాకా వచ్చి వెనక్కెళ్ళిన సంగతి చెప్పాడు. త్రినాధరావు మనుషులు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆఖర్న ఆదం గొంతు తగ్గించాడు.

"మా నాన్న నన్నడగలేదని అంత బాధ పడ్డానా, నా కూతుర్ని నేనూ అడగలేదండి. కంప్యూటర్ని అడగమని పంపించేను." ఇల్మా వైపు తిరిగాడు. "నీకేటి ఇష్టమమ్మా?"

ఇల్మా తొందరపడలేదు. మండపం మొత్తం ఆమె కోసం కాసుకుని కూర్చుంది.

"మనుషులు లోపల ఒకటనుకుని బయటికి ఇంకోటి ఎందుకు చెప్తారో తెలుసుకోవాలి నాన్నా. అది లెక్కతో తేలుతుందని నాకనిపిస్తుంది. నిన్న తేలింది కదా."

ఇంతసేపూ ముఖం గంటు పెట్టుకుని కూర్చున్న బిందుమాధవి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "స్టాటిస్టిక్సూ సైకాలజీ కలిపి చదివే డిగ్రీ ఉందమ్మా. ఇలాంటి పరీక్షలు తయారుచేసేవాళ్ళు అదే చదువుతారు" అంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నేను చదివింది ఇంజనీరింగు. మా నాన్నగారు చేర్పించారు."

మెట్ల దగ్గర త్రినాధరావు ఆదాన్ని పట్టుకున్నాడు. "బావ, కార్డుల మీద ఇల్మా అని కొట్టేసినాం. ఇప్పుడేటి సేత్తాం? నువ్వే వచ్చీయ్."

వారం తిరిగేసరికి మోహిత్ రిసెప్షన్‌లో ఆదం మైకు పట్టుకున్నాడు. భోజనాలకు లేవమని మూడుసార్లు పిలిచినా జనం లేవలేదు. బిందుమాధవి నెలకొక ఆదివారం తండ్రులతో మాట్లాడటానికి రమ్మంది. ఇల్మాకి కోరుకున్న డిగ్రీలో సీటొచ్చింది. సీటొచ్చిన రోజు ఆదం ఉత్సాహం పట్టలేకపోయాడు.

"సకీనా, నువ్వు కూడా ఆ పరీక్ష రాయకూడదా? మేడం లింకు పంపుతానంది."

"నాకు తొంభై ప్రశ్నలక్కర్లేదు. ఒక్కటి అడిగితే చాలు."

ఆదం కొంచెం ఆలోచించి అడిగాడు. "నీకేటి ఇష్టం?"

"ఒక్కరోజు పొయ్యి మొహం చూడకుండా, రాంబిల్లి ఎల్లి సముద్రం కాడ కూచోవాలి" అంది సకీనాబీ. జవాబు చాలాకాలంగా సిద్ధంగా ఉన్నట్టుంది.

మర్నాడు పది గంటలకల్లా తల్లీ కూతురూ రాంబిల్లి బస్సెక్కారు. ఆ పూట వంట ఆదం చేశాడు. మేడం రిపోర్టు భాషలో చెప్పాలంటే, అందులో ఆయనకు ఆసక్తీ లేదు, సామర్థ్యమూ లేదు.