ఎన్నిక కాదు, నమూనా

“ప్రశ్నించని వాడు పౌరుడే కాడు!”

రాజనీతి శాస్త్ర విభాగంలో అడుగుపెట్టిన ప్రతి కొత్త విద్యార్థి చెవిన పడే మొదటి వాక్యం ఇది. పలికేవారు విభాగాధిపతి గారు. ‘ప్రజాస్వామ్యం: తొలి పరిచయం’ అనే గ్రంథాన్ని పదమూడు ముద్రణల దాకా నడిపించి, పద్నాలుగోది అచ్చుకిచ్చిన మహానుభావుడు. సార్వభౌమాధికారం మీద ఆయన మూడు గంటలు ఏకధాటిగా మాట్లాడగలరు. ఆ మూడు గంటలూ ఇంకెవర్నీ మాట్లాడనివ్వకుండా కూడా ఉండగలరు. అందుకని పిల్లలు ఆయనకు సార్వభౌములని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అభ్యంతరం చెప్పలేదు.

ఆ ఏడు కూడా ఆ వాక్యం పలికి బల్ల గుద్దారు. మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది.

“చిన్న సందేహం సార్.”

“ప్రశ్నలన్నీ చివర్లో!” అన్నారు సార్వభౌములు.

చివర్లో గంట కొట్టారు. ఆ అమ్మాయికి ఆ పూటే ‘సందేహం’ అన్న పేరు స్థిరపడిపోయింది.

వెనక గోడకానుకుని ఇదంతా చూస్తున్నావిడ ఆ విభాగంలోనే లెక్చరరు. తాత్కాలిక లెక్చరరు. ఆరేళ్ళుగా తాత్కాలికం! ఏటా వేసవి రాగానే ఆమె ఉద్యోగం కన్నుమూసేది. సార్వభౌములు గారు సంతకం చేస్తే మళ్ళీ ఊపిరి పోసుకునేది. అటెండరు ఆమెను ‘టెంపరరీ మేడమ్’ అనే పిలిచేవాడు. అందులో వెటకారం ఏమీ లేదు పాపం, హోదా చెప్పి పిలవడం అతనికి అలవాటు.

పాఠాలు మొదలైన వారానికే యూనివర్సిటీ ఆఫీసు నుంచి సర్క్యులరు దిగింది. ‘మౌలిక భావనలను ఇకపై ఆచరణ ద్వారా బోధించవలెను. వచ్చే నెల పరిశీలన సంఘం స్వయముగా విచ్చేసి చూచును.’

సార్వభౌములు ఆమెను గదికి పిలిపించారు.

“ఆచరణ కావాలట అమ్మా! ఏదో ఒకటి పెడదాం. క్లాసు ప్రతినిధికి ఎన్నిక జరిపించండి. రహస్య బ్యాలెట్. సంపూర్ణ స్వేచ్ఛ. ఎవ్వరూ వేలు పెట్టకూడదు.”

“అలాగే సార్.”

“వైస్ ఛాన్సలర్ గారి తోడల్లుడి కొడుకు గెలుస్తాడు.”

“సార్?”

“అంచనా!” అన్నారాయన. “ఈ శాస్త్రం చదివినవాడికి ఆ మాత్రం అంచనా ఉండద్దూ?”

ఆమె వెళ్ళి పాఠం చెప్పింది. ఆమెకు పాఠం చెప్పడమంటే ప్రాణం. ఆ ఒక్క గంటా తను తాత్కాలికమని మరచిపోయేది.

“బెత్తం పట్టుకున్నవాడి మాట ఎందుకు వింటాం? భయంకొద్దీ. మనం ఎన్నుకున్నవాడి మాట ఎందుకు వింటాం? ఒప్పుకున్నాం కాబట్టి. మొదటిది వట్టి బలం. రెండోది అధికారం.”

“చిన్న సందేహం మేడమ్. ఎన్నుకున్నాక వాడు బెత్తం పట్టుకుంటే?”

“అది మూడో సెమిస్టరులో వస్తుంది,” అంది ఆమె. తర్వాత తనకే నవ్వొచ్చింది.

ప్రచారం మొదలైంది. తోడల్లుడి కొడుకు రంగురంగుల పోస్టర్లు అంటించాడు. వాటి నిండా ‘మార్పు! ప్రగతి! వెలుగు!’ ఏది మారుతుందో, వెలుగు ఏ గదిలో పడుతుందో అడిగినవాళ్ళు లేరు. సందేహం మాత్రం నోట్‌బుక్కులోంచి కాగితం చింపి ఒకే వాక్యం రాసి తలుపుకు అంటించింది: ‘మన అంతస్తులో ఆడవాళ్ళ టాయిలెట్ తాళం తీయించాలి.’

ఆ తాళానికి రెండేళ్ళ చరిత్ర ఉంది. పదమూడో ముద్రణ కాపీలు అమ్ముడుపోక, ఉంచడానికి చోటు చాలక, సార్వభౌములు వాటిని ఆ గదిలోకి చేర్పించి తాళం వేశారు. అప్పటినుంచి ఆడపిల్లలందరూ అవసరం పడితే పది నిమిషాలు నడిచి సైన్సు బిల్డింగుకు వెళ్ళొచ్చేవారు. టెంపరరీ మేడమ్ కూడా అంతే. సార్వభౌములు హాజరు క్లాసు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తీసుకుంటారు కనుక, అమ్మాయిలు దాహమేసినా నీళ్ళు తాగడం మానేశారు.

ఎన్నిక జరిగింది. తరగతిలో అరవై ముగ్గురు. అట్టపెట్టెలో అరవై నాలుగు చీటీలు! అదనపు చీటీ ఆకుపచ్చ సిరాతో ఉంది. ఆ విభాగంలో ఆకుపచ్చ సిరాతో రాసే చెయ్యి ఒక్కటే. ఆమె ఆ చీటీని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టి, మిగతావి అందరి ముందూ లెక్కపెట్టింది. తోడల్లుడి కొడుకుకు పంతొమ్మిది. చెల్లనివి మూడు. సందేహానికి నలభై ఒకటి. క్లాసు ఈలలతో దద్దరిల్లింది.

సార్వభౌములు ఫలితాల కాగితాన్ని తిప్పి, బోర్లించి, మళ్ళీ తిప్పి చూశారు.

“ఎన్నిక బ్రహ్మాండంగా జరిగిందమ్మా. ఫలితమే సరిగ్గా రాలేదు.”

“పిల్లలు వేసిందే కదా సార్...”

“చూడండి. గుండె ఎలా పనిచేస్తుందో చెప్పడానికి బోర్డు మీద బొమ్మ గీస్తాం. ఆ బొమ్మ కొట్టుకోవాలని ఎక్కడన్నా రాసుందా?” అంటూ ముందే టైపు చేయించి పెట్టిన కాగితం ముందుకు జరిపారు. ‘జరిగినది ఎన్నిక కాదు, ఎన్నిక నమూనా మాత్రమే. ఎవరూ గెలవలేదు.’ కింద ఆమె సంతకానికి ఖాళీ. ఆ కాగితం పక్కనే ఆమె ఉద్యోగం పొడిగింపు ఫైలు, దానిమీద ఆయన మోచెయ్యి.

మోచెయ్యి లేవలేదు. ఆమె సంతకం పెట్టింది. అప్పుడు లేచింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ముద్ద నోట పెట్టుకోలేక కలుపుతూ కూర్చుంది.

“పెట్టేశావు కదా, ఇంకా బాధెందుకు?” అన్నాడు భర్త.

“పెట్టింది కాబట్టే బాధరా,” అంది అత్తగారు. “పెట్టకపోతే భయం ఉండేది. నీకు రెండూ లేవు గనక తిండి సయిస్తోంది.”

మర్నాడు క్లాసులో ఆమె కాగితంలోని రెండు ముక్కలూ చదివింది. గొడవ చేస్తారనుకుంది. అందరూ నోట్‌బుక్కుల్లోకి తలలు వంచారు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. సందేహం మాత్రం లేచింది.

“మీరే లెక్కపెట్టారు కదా మేడమ్?”

“అది... నమూనా అమ్మా.”

“మరి రోజూ సైన్సు బిల్డింగుకి నడుస్తున్నాం. అది కూడా నమూనాయేనా మేడమ్?”

సుద్దముక్క చేతిలో నలిగిపోయింది.

పరిశీలన సంఘం రానే వచ్చింది. ముగ్గురు సభ్యులు. అధ్యక్షురాలు నెరిసిన జుట్టు, చేతికర్ర ఉన్న పెద్దావిడ. నాలుగు గంటలు కారులో కూర్చుని తిన్నగా వచ్చారు. తోడల్లుడి కొడుకు పూలగుత్తి ఇచ్చాడు. “వీడే మా విద్యార్థుల గొంతు!” అని పరిచయం చేసి, సార్వభౌములు భాగస్వామ్య ప్రజాస్వామ్యం మీద ఉపన్యాసం అందుకున్నారు. నలభై నిమిషాలు గడిచాయి. ఆయనింకా ఉపోద్ఘాతంలోనే ఉన్నారు. పెద్దావిడ కుర్చీలో రెండుసార్లు కదిలారు. మూడోసారి చెయ్యెత్తారు.

“క్షమించండి. బాత్రూమ్ ఎక్కడండీ?”

“సైన్సు బిల్డింగులో మేడమ్! దగ్గరే. పది నిమిషాలు.”

“పది నిమిషాలా!” పెద్దావిడ చేతికర్ర మీద లేచి వరండాలోకి నడిచారు. అందరూ వెంట నడిచారు. “ఇదేంటి, ఈ తలుపు మీద ‘స్త్రీలు’ అని రాసుందిగా?”

“తాళంచెవి పోయింది మేడమ్.”

“లేదండి సార్!” అన్నాడు అటెండరు, పెద్దసారుకు సాయపడే అవకాశం వచ్చిందన్న ఆనందంలో. “మీ కోటు జేబులోనే ఉంది కదండీ! కుడివైపు!”

సార్వభౌములు మింగలేక కక్కలేక తాళం తీశారు. తలుపు లాగీ లాగకముందే ప్రజాస్వామ్యం కట్టలు తెంచుకుని బయటికి దూకింది. వందల కాపీలు! ఒక కట్ట సార్వభౌములు గారి పాదాల మీదే పడింది. పెద్దావిడ ఒక కాపీ తీసి దుమ్ము దులిపి పైకి చదివారు.

“‘పాలకుల సౌకర్యం ఎన్నడూ ప్రజల అవసరానికి అడ్డు నిలవరాదు.’ మీరు రాసిందేనా?”

“అది పరీక్షల కోసం రాసింది మేడమ్.”

“ఇక్కడ ఈ పుస్తకాలేమిటి? దీనికి బాధ్యులెవరు?”

సార్వభౌములు అటూ ఇటూ చూశారు. రెప్పపాటులో ముఖం వికసించింది. “క్లాసు ప్రతినిధి మేడమ్! విద్యార్థుల సౌకర్యాలన్నీ చూసుకోవలసింది ప్రతినిధే!”

అందరి కళ్ళూ పూలగుత్తి ఇచ్చినవాడి మీద పడ్డాయి. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

“నేను కాదండీ! నేను ఓడిపోయాను! పంతొమ్మిదే వచ్చాయి!”

“అవునవును, వాడు కాదు!” అని సార్వభౌములు వేలు సందేహం వైపు తిప్పారు. “ఈ అమ్మాయి! నలభై ఒక్క ఓట్లు! తిరుగులేని మెజారిటీ!”

పెద్దావిడ చేతిలోని ఫైలు తిరగేశారు. “ఎన్నికే జరగలేదని ఇక్కడ కాగితం ఉందే? లెక్చరరు సంతకం కూడా ఉంది. ఎవరావిడ?”

టెంపరరీ మేడమ్ ముందుకొచ్చింది.

“చెప్పండమ్మా, ఉన్నదున్నట్టు చెప్పండి!” అని సార్వభౌములు మొట్టమొదటిసారి ఆమెను నిజం చెప్పమన్నారు.

“ఆ సంతకం నాదేనండి,” అంది ఆమె. “నాది తాత్కాలిక ఉద్యోగం. ఆ సంతకమూ తాత్కాలికమే. ఉద్యోగం పోతుందని పెట్టాను. ఎన్నిక జరిగింది. ఈ అమ్మాయే గెలిచింది. కానీ గెలిచావని ఈ నిమిషం దాకా అధికారికంగా ఎవరూ చెప్పలేదండి. తాళంచెవి ఒకరి జేబులో, తప్పు ఇంకొకరి నెత్తినా అంటే, నేను వీళ్ళకి అలా పాఠం చెప్పలేదు.”

పెద్దావిడ చేతిలోని ఫైలు మూసేశారు.

“చిన్న సందేహం సార్,” అంది సందేహం. “అయితే నేను గెలిచినట్టేనా?”

“ఎప్పుడో గెలిచావమ్మా!”

“రాసివ్వండి సార్.”

ముగ్గురు సభ్యులూ చూస్తుండగా గోడకు కాగితం ఆనించి, ఆకుపచ్చ సిరాతో రాసిచ్చారు. ఆ అమ్మాయి చదువుకుని, మడిచి దాచుకుని, చెయ్యి చాపింది. తాళంచెవి చేతులు మారింది. కుర్రాళ్ళు, అటెండరు కలిసి పావుగంటలో పుస్తకాలన్నీ వరండాలోకి మోశారు. పెద్దావిడ లోపలికి వెళ్ళారు. వెనకే అమ్మాయిలు బారులు తీరారు.

సంఘం కారు గేటు దాటిందో లేదో సార్వభౌములు సందేహాన్ని, టెంపరరీ మేడమ్‌ను గదికి పిలిపించారు. ఇంకా సంతకం పడని పొడిగింపు ఫైలు మీద మోచెయ్యి మళ్ళీ కుదురుగా కూర్చుని ఉంది. ఈసారి ఆమె దానివైపు చూడలేదు.

“ఆచరణ అయిపోయిందమ్మా, చాలా బాగా చేశావు,” అన్నారాయన సందేహంతో, వాత్సల్యం ఒలకబోస్తూ. “ఇక ఆ కాగితం ఇచ్చేసి రాజీనామా రాసెయ్.”

“రాజీనామా అంటే ఎన్నుకున్నవాళ్ళకే ఇవ్వాలి కదా సార్? వాళ్ళని అడిగి వస్తాను,” అని వెళ్ళింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. “ఓటేశాం సార్. అరవై ముగ్గురూ వద్దన్నారు. తోడల్లుడి కొడుకు కూడా!”

సార్వభౌములు టెంపరరీ మేడమ్ వైపు తిరిగి, ఎంతో ఆవేదనగా అన్నారు:

“చూశారా అమ్మా! ఇలా ప్రతిదానికీ జనాన్ని అడుగుతూ కూర్చుంటే, ఇంక ప్రజాస్వామ్యం ఎలా నడుస్తుంది?”