గుర్రాల వెనక దండం

అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగో తారీకు పొద్దున ఎల్రాయ్ డెట్‌మన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదికల్లా హైస్కూలు మైదానానికి చేరాలి. స్టోల్‌బర్గ్ ఊరి డ్రమ్స్, బాకాల దళాన్ని వరసల్లో నిలబెట్టాలి. ఎప్పటిలాగే పరేడ్ మొత్తానికి ముందు నడవాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పెరట్లో సాసేజ్‌లు కాల్చుకోవాలి. అతని భార్య వెర్నా అప్పటికే బంగాళదుంపల సలాడ్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆమె ఆ దళంలో పెద్ద డ్రమ్ము వాయిస్తుంది. అతను మేజరు. అంటే టోపీకి ఈకల కుచ్చు పెట్టుకుని, వెండి గుండున్న పొడుగాటి దండం పట్టుకుని, అందరికంటే ముందు, ఎన్నడూ వెనక్కి తిరగకుండా నడిచే మనిషి. వెనక్కి తిరిగి చూసే మేజరుకి తన దళం మీద నమ్మకం లేనట్టేనని అతని సిద్ధాంతం.

మైదానంలో అడుగు పెట్టగానే అతని కంటపడ్డవి గుర్రాలు. ఒక్కోటీ చిన్న సైజు కొట్టంలా ఉంది. బండికి కట్టి, జూలుకి రిబ్బన్లు ముడేసి, సరిగ్గా తన దళం నిలబడాల్సిన చోట నిలబెట్టారు వాటిని. ఎల్రాయ్ పరేడ్ కమిటీ పెద్ద మార్లిస్ హోఫర్ దగ్గరికి వెళ్లాడు.

"మార్లిస్, ఆ గుర్రాలెవరివో దారి తప్పి వచ్చాయి. చివరికి పంపించు."

"దారేం తప్పలేదు. ఈ ఏడు అవే ముందు. వాటి వెనక మీరు."

"మేమా? గుర్రాల వెనకా?"

"డ్వేన్ ఒకటే గొడవ ఎల్రాయ్! పోయినేడు అతని గుర్రాలు వచ్చేసరికి జనం కుర్చీలు మడిచేసి ఇళ్లకు పోయారట. గుర్రాలు చిన్నబుచ్చుకున్నాయట."

"ఆ సంగతి నీతో డ్వేన్ చెప్పాడా, గుర్రాలు చెప్పాయా?"

న్యాయం ఎల్రాయ్ పక్షాన ఉంది. ఏ ఊళ్లో పరేడ్ అయినా గుర్రాలు చివరే నడుస్తాయి. ఎందుకో నాలుగేళ్ల పిల్లనడిగినా ముక్కు మూసుకుని చెబుతుంది. ఇంత చిన్న సంగతి కమిటీ పెద్దకు తెలియకపోవడమేమిటి? ఇలాంటి వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? మనమే. కొంతమందికి అధికారం కొబ్బరికాయలాంటిది, చేతికిస్తే ఎవరి నెత్తిన కొట్టాలా అని చూస్తారు.

"కంగారు పడకు," అంది మార్లిస్. "మధ్యలో బర్నీ పార పట్టుకుని నడుస్తాడు. ఎప్పటికప్పుడు లద్దె ఎత్తేస్తాడు."

"బర్నీయా? బీరు పందిరి కనిపిస్తే పార ఎక్కడ పారేస్తాడో వాడికే తెలీదు! మావి తెల్ల బూట్లు మార్లిస్. మేం తల దించి నడవం. దించితే వరస పోతుంది, దించకపోతే బూట్లు పోతాయి."

"ఇవాళ్టికి సర్దుకో."

"సర్దుకుంటా. కానీ విను. ఇన్నేళ్లలో మా దళాన్ని చూసి ఒక్కడు నవ్వలేదు. ఇవాళ జనం నవ్వారా, నీ పరేడ్‌కో దండం, నీకో దండం! ఈ చేతిలో దండం కూడా అటకెక్కిస్తా."

పళ్లు కొరుక్కుంటూ వచ్చి దళానికి కొత్త సైగ నేర్పాడు. దండం ఎడమకు వాల్చితే లద్దె ఉన్నట్టు, ఎడమకు రెండడుగులు జరిగి ముందుకు సాగాలి. కుడికి వాల్చితే కుడికి. ఆలోచన బాగానే ఉంది. అయితే అదే దళంలో ఏళ్ల తరబడి దండం ఎడమకు వాలిందంటే ఎడమ వీధిలోకి మళ్లమని అర్థం. కొత్త అర్థం అందరూ విన్నారు, వెర్నా తప్ప. మొగుడు అడగలేకపోయింది తను అడిగి వస్తానని ఆమె అప్పుడే మార్లిస్ దగ్గరికి బయల్దేరింది.

"నీ పెళ్లికి వానలో తడుస్తూ వాయించాం మార్లిస్. ఏదీ, ఆ రోజు ఒక్క గుర్రమన్నా వచ్చిందా?" అని అడిగేసి, జవాబు వినకుండా వచ్చి డ్రమ్ము భుజాలకు తగిలించుకుంది. అది తగిలించుకున్నాక ఆమెకు రోడ్డు కనబడదు. డ్రమ్ము పై అంచు మీద మొగుడి కుచ్చూ, దండం గుండూ మాత్రం కనబడతాయి.

పరేడ్ కదిలింది. ఓక్ వీధి మలుపు దగ్గర గుర్రాలు ఎల్రాయ్ భయపడినంత పనీ చేశాయి. బర్నీ కనుచూపుమేరలో లేడు. ఎల్రాయ్ ఠీవిగా దండం ఎడమకు వాల్చి, రెండడుగులు పక్కకు జరిగి, మళ్లీ నిటారుగా సాగిపోయాడు.

వెర్నా గుండె ఉప్పొంగింది. 'ఇన్నాళ్లకు మా ఆయనకి రోషమొచ్చింది! గుర్రాల్ని వాటి మానాన వదిలేసి వేరే దారి పట్టాడు!' అనుకుని ఎడమకు తిరిగి ఓక్ వీధిలోకి మళ్లింది. మిగతా దళం ఒక్క క్షణం తటపటాయించింది. పొద్దున మొగుడిచ్చిన ఆజ్ఞా, కళ్లెదుట పెళ్లాం వాయిస్తున్న డ్రమ్మూ వేర్వేరు దారులు పడితే దేని వెంట పోవాలో ఆ దళానికి ఎప్పట్నుంచో తెలుసు. అందరూ ఎడమకు తిరిగారు. వాళ్ల వెనక ఫైరింజనూ, దాని వెనక ట్రాక్టర్లూ, చీజ్ ఫ్యాక్టరీ బండీ, దాని మీద చెయ్యి ఊపుతున్న పెద్దమనుషులూ తిరిగారు.

"వెర్నా, ఎల్రాయ్ ఎక్కడా కనబడ్డం లేదే?" అన్నాడు పక్కన బాకా ఊదే గస్.

"కోపంలో ఉన్నాడు. కోపమొస్తే ఆయన నడక నీకు తెలీదు. ముందెళ్లిపోయుంటాడు. నువ్వూదు!"

ఓక్ వీధిలో పరేడ్ చూడ్డానికి ఒక్కడే ఉన్నాడు. వాకిట్లో బనీనుతో గడ్డి కోసుకుంటున్న ఆ మనిషి మిషను ఆపి, ఫైరింజను వంక చూసి, తన ఇంటి కప్పు వంక చూసుకున్నాడు.

అటు మెయిన్ వీధిలో ఎల్రాయ్ ఒంటరిగా గుర్రాల వెనక నడుస్తున్నాడు. డ్రమ్ము చప్పుడు ఇళ్ల కప్పుల మీదుగా సన్నగా వినబడుతూనే ఉంది. 'మార్లిస్ మీద అలిగి మెల్లగా కొడుతోంది,' అనుకున్నాడు. సిద్ధాంతం ప్రకారం వెనక్కి చూడలేదు. లద్దె కనబడినప్పుడల్లా దండం ఎత్తాడు, వాల్చాడు, జరిగాడు. జనం విరగబడి నవ్వారు. గుర్రాల్ని చూసి నవ్వుతున్నారని అతను సంతోషించాడు.

"తాతా, పార మర్చిపోయావా?" అని ఒకడు అరిచాడు.

"వెండి కర్రతో ఎత్తుతాడట్రా, గొప్పింటి గుర్రాలు మరి!" అన్నాడు ఇంకొకడు.

పోస్టాఫీసు ముందు వేదిక మీద మార్లిస్ మైకు పట్టుకుని గుర్రాల కోసం చూస్తోంది. డ్వేన్ ప్రతి మలుపులోనూ వాటిచేత తల వంచించి దండాలు పెట్టిస్తుండడంతో అవింకా రాలేదు. ఈలోగా, అక్కడే మళ్లీ మెయిన్ వీధిలో కలిసే ఓక్ వీధి చివర్నుంచి వెర్నా వచ్చింది. వెనకే దళం, ఫైరింజను, ట్రాక్టర్లు, చీజ్ బండి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అన్నీ వేదిక దాటి ఆగాక గుర్రాలు వచ్చాయి. గుర్రాల వెనక, చిట్టచివర, ఎల్రాయ్ వచ్చాడు.

ఎదురుగా ఆగి ఉన్న ఫైరింజను చూసి అతను జీవితంలో మొదటిసారి వెనక్కి తిరిగాడు. వీధి ఖాళీగా ఉంది.

"వెర్నా! ఎక్కడికి పోయావు?"

"ఎక్కడికేంటి? నువ్వు మళ్లమన్నావు, మళ్లాను. నువ్వెక్కడికి పోయావు?"

"లద్దె తొక్కకుండా పక్కకు జరగమన్నాను!"

"ఆ ముక్క నాకు చెప్పావా? ఊరందరికీ చెప్పి కట్టుకున్నదానికి చెప్పవు! ఇంట్లోనూ ఇదే వరస!"

మార్లిస్ మైకులోనే అంది: "ఎల్రాయ్, నువ్వే గెలిచావు. వచ్చే ఏడు నుంచి మీ దళమే ముందు, గుర్రాలు చివర. చూశావుగా, చివరున్నా జనం ఒక్కరూ కదల్లేదు."

ఎల్రాయ్ ఛాతీ విరిచాడు. "ఇప్పటికైనా న్యాయం జరిగింది. నా దళం ముందు నేను..."

"నువ్వు మాత్రం గుర్రాల వెనకే. జనం కదలనిది నిన్ను చూసి. జడ్జీలు నవ్వు ఆపుకోలేకపోయారు. మంచి హాస్య వేషానికిచ్చే కప్పు ఈ ఏడు నీదే."

"వేషమా? నేను మేజర్ని! అయిపోయింది! మీ పరేడ్‌కో దండం!" అని ఎల్రాయ్ రెండు చేతులా దండం ఎత్తి గర్జించాడు. లద్దె మీద బూటు జారింది. జనం కుర్చీల్లోంచి కిందపడి నవ్వారు.

తను కట్టింది వేషం కాదని ఎల్రాయ్ ఇప్పటికీ ఊళ్లో అందరికీ విడమరిచి చెబుతూనే ఉన్నాడు. పరేడ్‌లో వేషం కంటే ఆ చెప్పడమే బాగుందని అందరూ ఒప్పుకున్నారు.